ఎడమచేతి చుట్టు

పోయిన వారం పిచ్చుకని తలుపు బిగించిన గదిలో వదిలేసి మన దారిన మనం వచ్చేశాం. పాపం వారం రోజులుగా అక్కడే పడి ఉందని బెంగపడకండి. మనకి ఏడు రోజులు గడిచాయి గానీ, లోపల గడిచింది అర నిమిషమే.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకెళ్దాం. పిచ్చుక గిటార్లు బాగుచేసే మనిషి. చిన్నప్పుడు పని బల్లల కింద అటూ ఇటూ దూరుతూ తిరిగేదని నాన్న పెట్టిన పేరది, ముప్ఫై ఏడేళ్ళొచ్చినా వదల్లేదు. నాన్న పోయి మూడేళ్ళయింది. ఆయన పెట్టిన కొట్టు అమ్మా కూతురూ నడుపుకుంటున్నారు. గిటార్లు బాగుచేసే కొట్లు చాలానే ఉంటాయి గానీ, వయొలిన్ ఆకారంలో ఉండే పాతకాలపు ఎలక్ట్రిక్ బేస్ గిటార్ అంటే మాత్రం ఎవరైనా ఈ కొట్టు గుమ్మమే తొక్కాలి.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట అలాంటి బేసే ఒకటి కచేరీ హాలు వెనక గదిలోంచి మాయమైంది. అది కచేరీల్లో బేస్ వాయించే మాస్టారిది. ఆ గది తాళంచెవి ఆ సాయంత్రం డ్రమ్ములు వాయించే కుర్రాడి జేబులో ఉంది. ఇంకేం కావాలి, దొంగ వాడేనన్నారు. ఆ కుర్రాడు పిచ్చుకకి మేనమామ, అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. బల్ల కనిపిస్తే బల్ల, గిన్నె కనిపిస్తే గిన్నె వాయించకుండా ఉండలేడు కాబట్టి అందరూ టకటక అని పిలిచేవాళ్ళు. కళాకారుల సంఘంలోంచి వెళ్ళగొట్టిన రోజు నుంచి ఆ మనిషి వేలితో దేన్నీ కొట్టలేదు. పది రోజుల కిందట వాననీళ్ళు కారుతున్నాయని ఆయన ఇంటి అటక విప్పితే, పాత దుప్పట్లో చుట్టి ఉన్న బేస్ అందరి కళ్ళ ముందూ కింద పడింది. "నాకేం తెలీదు" అన్నాడు టకటక మావయ్య. అంతకు మించి నోరు విప్పలేదు.

ఇవాళ మధ్యాహ్నం మాస్టారూ, సంఘం కార్యదర్శీ ఆ బేస్ పట్టుకుని కొట్టుకొచ్చారు. కార్యదర్శి చేతిలో ఒక కాగితం. ఇది మాస్టారి బేసేననీ, పోయిన నాటి నుంచి దీన్ని ఎవరూ విప్పి ముట్టుకోలేదనీ పిచ్చుక పరీక్ష చేసి సంతకం పెట్టాలి. ఆ కాగితాన్ని రేపు సంఘం సభలో పైకి చదువుతారు. అంటే టకటక మావయ్యని ఇన్నాళ్ళూ చాటుగా దొంగ అన్నారు, రేపు మైకులో అంటారు.

పిచ్చుక వెనక గదిలోకి తీసుకెళ్ళి పరీక్ష మొదలెట్టింది. తీగల అదురుని పట్టి స్పీకర్‌కి పంపే పికప్‌లు దీనికి రెండు. మెడ దగ్గరున్నదాని పైకవరు తీసి లోపలి కాయిల్, అంటే సన్నటి రాగి తీగ చుట్ట, చూసింది. చూడగానే ఆ చుట్టు ఎవరి చేతిదో తెలిసిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా రోజూ చూస్తున్న చుట్టు అది. సరిగ్గా అప్పుడే అమ్మ గదిలోకొచ్చి, తలుపు మూసి, గడియ పెట్టింది. మనం ఆగింది అక్కడే.

అమ్మ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. పైట చెంగుతో మొహం తుడుచుకుంది. ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు. కిటికీ ఉండేది గానీ, పక్కవాళ్ళు వాళ్ళ గోడని సరిగ్గా దానికి ఆనించి కట్టుకున్నాక చెయ్యి బయటికి పెడితే ఇటుక తగులుతుంది. ముందు గదికీ దీనికీ మధ్య గోడ కూడా గోడ కాదు, ప్లైవుడ్డు చెక్క. అవతల కార్యదర్శి ఆవలిస్తే ఇవతల వినిపిస్తుంది.

"అమ్మా, ఈ కాయిల్..." అంది పిచ్చుక.

అమ్మ గబుక్కున చెయ్యెత్తి ఆపింది. చెవి తలుపుకేసి వంచి విని, దగ్గరికొచ్చి, పెదాలు కదిలీ కదలనట్టుగా అంది.

"వాయించు."

"ఏంటి?"

"వాయించవే. చప్పుడు లేకపోతే మనం మాట్లాడేది వాళ్ళ చెవిన పడుతుంది. పరీక్ష చేస్తున్నావనుకుంటారు, వాయిస్తూ విను."

పిచ్చుక కుర్చీలో కూర్చుని బేస్ ఒళ్ళోకి తీసుకుంది. ఎంత తేలికో! బేస్ గిటార్ అంటే మెడకి బండ కట్టుకున్నట్టుంటుంది ఎవరికైనా. ఇది మాత్రం లోపలంతా గుల్ల, చంటిపిల్లకున్నంత బరువు కూడా లేదు. పలచటి చెక్కని వయొలిన్‌లాగే పొట్ట ఉబ్బించి, నడుము లోపలికి నొక్కి చెక్కారు. మధ్యలో తేనె రంగు, అంచులకి పోయేకొద్దీ ముదిరి ముదిరి కాలిన బెల్లం రంగు. అటక మీద ఇన్నేళ్ళు పడున్నా ఆ పాలిష్ ఇంకా వెలుగుని పట్టుకుంటోంది, కాకపోతే ఒళ్ళంతా సన్నటి నెర్రెలు విచ్చింది. తీగల కింద ముత్యం రంగు పలక. ఆ పక్కన స్విచ్‌లూ గుండీలూ ఉన్న చిన్న పలకని పిచ్చుక ఇందాకే విప్పింది కాబట్టి, అది వైర్లకి వేలాడుతూ మోకాలి మీద ఊగుతోంది.

మెడ దగ్గరి పికప్ ఒక్కటే వేసి, లావు తీగని బొటనవేలితో మీటింది.

గుబ్.

స్పీకర్ లోంచి ఆ శబ్దం గదంతా నిండింది. మెరుపూ లేదు, గణగణా లేదు. పరుపు మీద పిడికిలితో గుద్దితే ఎలా ఉంటుందో అంత మెత్తగా, లోతుగా, గుండ్రంగా వచ్చి కడుపులో తగిలింది. ఇలాంటి బేస్ అందమంతా అక్కడే ఉంది. పట్టీ చుట్టిన నున్నటి తీగలూ, గుల్ల చెక్కా కలిసి శబ్దాన్ని పుట్టించీ పుట్టించగానే సర్దేసుకుంటాయి. పాటకి అది ఎంత బాగుంటుందో, రహస్యం దాచుకునేవాళ్ళకి అంత ఇబ్బంది. ఆగకుండా మీటుతూనే ఉండాలి.

గుబ్. గుబ్.

"ఆహా!" అన్నారు అవతల నుంచి మాస్టారు. గొంతు వణికింది. "అదీ! అదే నా తల్లి గొంతు! విన్నావుటయ్యా కార్యదర్శీ?"

"విన్నానండీ" అన్నాడు కార్యదర్శి, ఫ్యాను చాలడం లేదన్న విసుగుతో.

పిచ్చుక మీటుతూనే అమ్మ మొహంలోకి చూసింది. "ఇది నీ చుట్టు కదూ?"

అమ్మ తలూపింది.

"పోయిన బేస్ మన కొట్టులోకి ఎలా వచ్చిందమ్మా? మావయ్య తెచ్చాడా?"

"వాడెందుకు తెస్తాడే? మీ నాన్న తెచ్చారు."

బొటనవేలు తీగ మీద తప్పింది. రావలసిన స్వరం బదులు టప్ మంది.

"ఏమ్మా, ఏమైంది?" అన్నారు మాస్టారు వెంటనే. డెబ్భై దాటినా ఆ చెవులకి ముసలితనం రాలేదు.

"ఏం లేదండీ! దాని చెయ్యి జారింది! చెమట!" అని అమ్మ పైకి కమ్మగా పలికి, అదే ఊపిరితో కిందికి దిగింది. "ఆపకే, నీకు దణ్ణం పెడతాను."

పిచ్చుక మీటింది. నాన్న తెచ్చాడు. ఒక స్క్రూ ఎక్కువొస్తే వీధి చివరి దాకా పరిగెత్తి తిరిగిచ్చే మనిషి. పరాయి గిటార్‌ని రెండు చేతులతో తప్ప పట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ నాన్న.

"ఆయనకి దొంగబుద్ధి లేదే" అంది అమ్మ, కూతురు మొహంలో ఉన్నది చదివేసి. "ఉన్నదల్లా పిచ్చి. ఈ ఆకారం అంటే పిచ్చి. అప్పటికి ఆయన మామూలు గిటార్లు చేస్తున్నారు. మాస్టారి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళారో! ఒక్క గంట ఇవ్వండి, కొలతలు గీసుకుని ఇచ్చేస్తానని. 'పెళ్ళాన్ని పుట్టింటికి పంపుతాను గానీ దీన్ని గుమ్మం దాటించను' అని నలుగురిలో నవ్వారుట ఆయన. ఈయన ఇంటికొచ్చి రెండు పూటలు అన్నం తినలేదు."

గుబ్. గుబ్. గుబ్.

"ఆ సాయంత్రం, మర్నాటి కచేరీ కోసం మీ మావయ్యకి డ్రమ్ము కర్రలు ఇచ్చిరావడానికి వెళ్ళారు. వాడు తలుపు దగ్గరగా వేసి ముందుకెళ్ళాడుట. లోపల ఇది ఒక్కత్తే ఉంది. ఇంక ఆయన కాళ్ళు ఆయన మాట వినలేదు. పొద్దున్నే, వాళ్ళు చూసుకునేలోపు తెచ్చి పెట్టేద్దామనుకున్నారు. ఒక్క పూట, అంతేనే. ఇంటికి తెచ్చి ఈ బల్ల మీద పడుకోబెట్టి చుట్టూ తిరుగుతూ చూశారు. నువ్వు పుట్టినప్పుడు నిన్ను కూడా అలా చూడలేదు."

అమ్మకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. రెండింటినీ పైటలో కుక్కుకుంది.

పిచ్చుక కళ్ళు తనకి తెలియకుండానే గోడ మీదికి వెళ్ళాయి. అక్కడ మేకుకి దళసరి అట్ట ఒకటి వేలాడుతోంది. వయొలిన్ ఆకారం. అంచులు చేతివాటానికి నునుపెక్కి నల్లబడ్డాయి. కొట్టులో ఇంతవరకు చేసిన ప్రతి బేస్ ఆ అట్ట చుట్టూ పెన్సిల్ తిప్పగా పుట్టిందే. పదమూడో ఏట నాన్న దాన్ని తన చేతిలో పెట్టి, "ఇది నీ ఆస్తి" అన్నాడు. అబ్బో, ఎంత మురిసిపోయిందో ఆ రోజు! ఇప్పుడు దాన్ని చూస్తుంటే ఒళ్ళు కంపరమెత్తింది.

"బొమ్మ గీసుకుని ఊరుకోవచ్చుగా!" అంది అమ్మ. "లోపలేముందో చూడాలని తీగలన్నీ ఒక్కసారే విప్పారు."

"అన్నీనా?"

ఈ పని తెలిసిన వాళ్ళెవరైనా అలాగే అదిరిపడతారు. ఈ రకం బేస్‌కి బ్రిడ్జి, అంటే తీగల్ని ఎత్తిపట్టే చిన్న చెక్క, అతికించి ఉండదు. తీగలు నాలుగూ కలిసి నొక్కిపెట్టినంతసేపే అది నిలబడుతుంది. అందుకే ఒక తీగ విప్పి, కొత్తది బిగించి, ఆ తర్వాతే రెండోది ముట్టుకోవాలి. పిచ్చుకకి నాన్న నేర్పిన మొదటి పాఠం అది. పాఠం చెప్పిన మనిషి ఎక్కడ నేర్చుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

"అన్నీ. పికప్ కవరు కూడా తీసేసి ఉంది. బ్రిడ్జి కాస్తా జారి దొర్లింది. అయ్యయ్యో అని దాన్ని పట్టుకోబోయారు, చేతిలోని స్క్రూడ్రైవర్ వచ్చి కాయిల్‌లో దిగింది. వెంట్రుక కంటే సన్నం కదే ఆ తీగ? ఒక్కచోట తెగితే చాలు, మొత్తం మూగదే. మొద్దుబారిపోయి నన్ను లేపారు."

"ఏమ్మా, ఇంకెంతసేపు?" కార్యదర్శి గొంతు. "నాకు సంఘం గదిలో కుర్చీలు సర్దించే పనుంది."

"అయిపోతోందండీ! పాతది కదండీ, జాగ్రత్తగా చూస్తోంది!" అమ్మ గొంతులో తేనె. మళ్ళీ గుసగుస. "చెక్క ఆయన చెప్పినట్టు వినేది గానీ, అప్పటికి కరెంటులో ఓనమాలు రావు. నేను ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీలో కాయిళ్ళు చుడుతున్నాను కదా. నేనే చుడతానన్నాను. పెళ్ళాన్ని కదే! తీగ తెచ్చుకుని చేతి మర తిప్పుతూ చుట్టాను. వేలకి వేల చుట్లు. పగలు కంపెనీ, సాయంత్రం ఇది, ఒక పక్కన నువ్వు జ్వరంతో మూలుగుతున్నావు. ఐదు రోజులు పట్టింది. అవతల మొదటి రోజే దొంగతనం అన్నారు. రెండో రోజు తాళంచెవి అన్నారు. మూడో రోజుకి నా తమ్ముడు అన్నారు."

"అప్పుడే చెప్పొచ్చుగా అమ్మా!"

"రేపు పెట్టేద్దాం, రేపు పెట్టేద్దాం అనుకున్నామే. బాగుచేసి, ఎవరూ చూడకుండా హాలు మెట్ల మీద పెట్టేస్తే గొడవ చల్లారిపోతుందనుకున్నాం. ఐదో రోజు అన్నీ బిగించి వాయించారు. ఈ పికప్ ఒక్కటే వేస్తే బ్రహ్మాండం. ఆ రెండోది ఒక్కటే వేసినా బ్రహ్మాండం. రెండు స్విచ్‌లూ కలిపి వేశారు చూడు..."

చెప్పక్కర్లేదు. పిచ్చుకకి తెలుసు. ఇందాక కవరు తీయకముందు తనూ ఒక్కసారి మెల్లగా వేసి చూసింది. లావు గొంతంతా ఎవరో పీల్చేసినట్టు పోయి, ముక్కు మూసుకుని మాట్లాడినట్టు సన్నగా గీపెట్టింది. అమ్మది ఎడమచెయ్యి వాటం. అందరూ మర కుడివైపు నిలబడి తిప్పితే, అమ్మ ఎడమవైపు నుంచి తిప్పుతుంది. చుట్టు తిరగబడింది. విడివిడిగా ఏ పికప్‌కి ఆ పికప్ బాగానే పలుకుతుంది. కలిపితే మాత్రం ఒకటి ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది.

"అది విని మీ నాన్న నేల మీద కూలబడ్డారు. మాస్టారు ఎప్పుడూ రెండూ కలిపే వాయిస్తారు కదా. ఒక్క దెబ్బకి తెలిసిపోతుంది. ఎవరో విప్పారని తెలిస్తే, ఎవరు విప్పారో చెప్పడానికి జ్యోతిష్కుడు కావాలా? ఊరు మొత్తం మీద ఎడమచేత్తో కాయిల్ చుట్టేదాన్ని నేనొక్కదాన్నే."

"అమ్మా!" పిచ్చుకకి గొంతు దాటి వచ్చేసింది. మళ్ళీ తగ్గించింది. "రెండు నిమిషాల పని! ఆ పికప్ నుంచి వచ్చే రెండు వైర్లూ అటుదిటు మార్చి అతికిస్తే సరిపోయేది!"

"తెలీదే!" అంది అమ్మ. ఆ గుసగుసలో ఎంత కేక ఉందో చెప్పలేను. "ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. నేను చుట్టి పంపడమే గానీ, అతికించే వాళ్ళు వేరే కదా కంపెనీలో. ఎవరో రేడియో మెకానిక్కు మాటల్లో చెప్పేసరికి నాలుగేళ్ళయింది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకుని ఏడ్చారు. రెండు నిమిషాలే, రెండు నిమిషాలే అని. ఆ తర్వాత కరెంటు పని నేర్చుకోవడం మొదలెట్టారు."

పిచ్చుక వేళ్ళు నొప్పెడుతున్నాయి. వాటి పాటికి అవి మీటుతూ, మధ్యలో స్విచ్ మార్చి రెండో పికప్‌ని ఒక్కదాన్నే పలికిస్తున్నాయి. ఏం వాయిస్తోందో తనకే తెలియడం లేదు. ముందు గదిలో మాస్టారు మాత్రం దానికి తగ్గట్టు కాలితో తాళం వేస్తున్నారు.

"మావయ్యకి ఎప్పుడు తెలుసు?"

"ఏడాది తర్వాత నేనే చెప్పాను. దాచుకోలేకపోయాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. కాసేపు అలా కూర్చుని, ఒక పాత దుప్పటి ఉంటే ఇవ్వక్కా అన్నాడు. 'నా పేరు ఎలాగూ పోయింది, నీ కొంప కూడా ఎందుకు? అది నీ ఇంట్లో ఉండకూడదు' అని చుట్టుకుని పట్టుకుపోయాడు. నీకప్పుడు ఏడేళ్ళు. వెళ్తూ వెళ్తూ నీ నెత్తి మీద చెయ్యి పెట్టి వెళ్ళాడు."

ఇంక పిచ్చుకకి కళ్ళు కనిపించలేదు. నీళ్ళు జారి ఆ తేనె రంగు చెక్క మీద పడ్డాయి. భుజంతో తుడిచింది. టకటక మావయ్య బడికి తీసుకెళ్ళేవాడు. సైకిలు బాగుచేసి పెట్టేవాడు. తన పెళ్ళికి వచ్చి ఆఖరి వరసలో కూర్చుని, ఎవరైనా చూస్తారేమోనని అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. అందరిలాగే తనూ చిన్నప్పుడు ఒకసారి అడిగింది, "మావయ్యా, నువ్వు నిజంగా దొంగతనం చేశావా?" అని. ఆయన నవ్వి చాక్లెట్ కొనిపెట్టాడు. ఆ చాక్లెట్ ఎలా తిన్నానా అని ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

"బాగుందమ్మాయ్!" మాస్టారి గొంతు. "విడివిడిగా రెండూ దివ్యంగా ఉన్నాయి. ఇప్పుడు రెండు స్విచ్‌లూ కలిపి వెయ్యి. ఈ చెవులు పోయేలోపు నా గొంతు నేను ఒక్కసారి వినాలి."

అమ్మ బల్ల దగ్గరికి ఒక్క అంగ వేసింది. సోల్డరింగ్ ఐరన్ ఇందాకటి నుంచి వేడెక్కే ఉంది. దాన్ని స్టాండు లోంచి తీసి, పిడి కూతురి వైపు తిప్పి పట్టుకుంది. పిచ్చుక మీటడం ఆపలేదు.

"మార్చెయ్యి."

"అమ్మా."

"నువ్వే అన్నావుగా, రెండు నిమిషాలని. మార్చేసి వాయించు. ఆయన మురిసిపోతాడు. ఆ కాగితం మీద గీకి పడెయ్యి. వెళ్ళిపోతారు."

"మారిస్తే దీన్ని ఎవరూ ముట్టుకోలేదని నేనే సాక్ష్యం చెప్పినట్టు. మావయ్యని దొంగని చేసి రేపు సభలో చదువుతారు."

"ముప్ఫై ఏళ్ళుగా వాడు దొంగేగా" అంది అమ్మ. "వాడికి అలవాటైపోయింది."

అన్నాక తన మాట తనకే వినిపించింది కాబోలు, ఎడమచేత్తో నోరు మూసుకుంది. పిచ్చుకకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాంతోపాటే, ఈవిడ ముప్ఫై ఏళ్ళుగా తమ్ముడింటికి ఎందుకు వెళ్ళలేదో, వచ్చిన తమ్ముడి కళ్ళలోకి ఎందుకు చూడలేదో అర్థమై జాలేసింది. ఈ ఇంట్లో మనుషులు ఒకరినొకరు కాపాడుకుంటూ ఎంత పాడుచేసుకున్నారో చూడండి!

"అమ్మాయ్?" అన్నారు మాస్టారు.

"ఒక్క నిమిషం మాస్టారూ. ఒక వైరు వదులైంది, అతికిస్తున్నాను."

ఐరన్ అందుకుంది. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అంటాం గానీ, పోకచెక్కకి ఒక సుఖం ఉంది, తెగేది తనొక్కతే. పిచ్చుక వైర్లు మారిస్తే మావయ్య తెగుతాడు. మార్చకపోతే పోయిన నాన్న, ఉన్న అమ్మ, ఈ కొట్టు, పన్నెండేళ్ళ తన కూతురు స్కూల్లో తలెత్తుకుని తిరగడం, అన్నీ తెగుతాయి. ఐరన్ మొన మొదటి అతుకు మీద ఆనించింది. సన్నటి పొగ లేచింది. టంకం మెరిసి కరిగింది. వైరు వేలికి వదిలొచ్చింది. ఇక రెండోది కూడా విప్పి, దీన్ని దాని చోట పెట్టి, దాన్ని దీని చోట పెడితే అయిపోయింది.

అమ్మ మెడ చాచి వైరునే చూస్తోంది.

పిచ్చుక ఆ వైరుని అలా పట్టుకుని ఉండిపోయింది. దాని చివర అమ్మ ముడి ఉంది. తీగ కొసని వెనక్కి మడిచి, చుట్ల కింద దూర్చి, మళ్ళీ పైకి తీసే ముడి. ఐదు రోజులు జ్వరంలో ఉన్న పిల్లని పక్కన పెట్టుకుని, తమ్ముడి పేరు బజార్న పడుతుంటే వింటూ, ఈవిడ ఈ ముడి వేసింది. ఎంత శ్రద్ధగా వేసిందో! అన్నేళ్ళు అటక మీద ఎండకి మాడినా వదల్లేదు. ఇంత బాగా చేసిన పనికి ఇంకొక మనిషి శిక్ష పడ్డాడు.

టంకాన్ని మళ్ళీ కరిగించి వైరుని పాతచోటే పెట్టింది. నోటితో ఊదింది. అతుక్కుంది.

"ఏం చేస్తున్నావే?" అంది అమ్మ.

పిచ్చుక రెండు స్విచ్‌లూ పైకి తోసింది. వాల్యూమ్ పూర్తిగా తిప్పింది. లావు తీగని గట్టిగా మీటింది.

ఆ గొంతు స్పీకర్ లోంచి జలుబు చేసిన పిల్లి ఏడుపులా వచ్చింది. లోతు లేదు, గుండ్రం లేదు. గదిలోంచి గాలంతా పోయినట్టు సన్నగా, బోలుగా, ముక్కుతో. ఇంకో తీగ. అదీ అంతే. నాలుగు తీగలూ వరసగా మీటి, అరచెయ్యి పెట్టి ఆపేసింది.

అవతల కాలి తాళం ఆగిపోయింది.

అమ్మ కళ్ళు మూసుకుంది. పిచ్చుక తలుపుకేసి చూసింది. వస్తుంది, ఇప్పుడొస్తుంది ఆ ప్రశ్న. దీన్ని ఎవరు విప్పారు అని అడుగుతారు. అడిగితే చెప్పేస్తుంది. తనంతట తను నోరు విప్పలేకపోయినా, అడిగితే చెప్పగలదు. ఆ పాటి ధైర్యం చాలనుకునే ఆ తీగ మీటింది.

మాస్టారి కుర్చీ కిర్రుమంది.

"ఇది నాది కాదు" అన్నారు.

పిచ్చుకకి ముందు అర్థం కాలేదు.

"అదేంటి మాస్టారూ? ఇందాక తల్లి గొంతన్నారు?" అన్నాడు కార్యదర్శి.

"చూపుకి మోసపోయానయ్యా. ఒక్కొక్కటిగా వింటే అలాగే ఉంది. కానీ నా బేస్ ఇలా ముక్కుతో ఏడవదు. పదిహేనేళ్ళు గుండెకి ఆనించుకుని వాయించాను, నాకు తెలీదా? ఇది ఎవరో చేసిన నకలు."

అమ్మ కళ్ళు తెరిచింది. ఆ మొహంలోకి మెల్లగా రక్తం తిరిగొచ్చింది. కూతురి భుజం పట్టుకుని, "బతికిపోయామే" అని గొణిగింది. "దేవుడే అనిపించాడు. నోరు మెదపకు. ఆయనది కాదంటే మావయ్యదీ తప్పు లేదన్నట్టేగా, అందరూ బతికిపోయాం."

పిచ్చుకకి కూడా ఒక్క క్షణం, తప్పేముంది, ప్రాణం లేచొచ్చింది.

"మరి అసలుది ఏదండీ?" అన్నాడు కార్యదర్శి అవతల.

"అదే నేనూ అడుగుతున్నాను" అన్నారు మాస్టారు. ఇందాకటి వణుకు పోయి గొంతులోకి కరకు వచ్చింది. "నకలు తయారుచేయించి అటక మీద పెట్టాడంటే, అసలుదాన్ని వాడు ఎక్కడో అమ్ముకుని ఉండాలి. వాడు ఉత్త దొంగ కూడా కాదయ్యా, గుండెలు తీసిన బంటు. ఇన్నాళ్ళూ వాడి మొహం చూడకూడదని ఊరుకున్నాను. ఇవాళ చూస్తాను. పద, వాడింటికే పోదాం. నలుగురినీ పిలు. వాడి చేత అందరి ముందూ కక్కిస్తాను."

కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడైంది. చెప్పులు వెతుక్కుంటున్నారు.

టకటక మావయ్య ఇల్లు రెండు వీధుల అవతల. ఈ వేళప్పుడు ఒంటరిగా కిటికీ దగ్గర కూర్చుని ఉంటాడు. వీళ్ళు వెళ్ళి గొంతు మీద కూర్చున్నా ఆయన "నాకేం తెలీదు" తప్ప ఇంకో మాట అనడు. చచ్చినా అనడు. పిచ్చుక బేస్‌ని బల్ల మీద పడుకోబెట్టి లేచింది. అమ్మ అంతకంటే ముందే తలుపు దగ్గరికి చేరి, గడియకి వీపు పెట్టేసింది.

"జరుగమ్మా."

అమ్మ తల అడ్డంగా ఊపింది.

బయట గుమ్మం దగ్గర అడుగులు వినిపిస్తున్నాయి. ఇంకో రెండంగల్లో వీధిలో ఉంటారు. పిచ్చుక అమ్మ తల పక్కగా ప్లైవుడ్డు మీద రెండు చేతులూ ఆనించి, ఇన్నేళ్ళలో ఆ కొట్టులో ఎప్పుడూ ఎత్తనంత గొంతెత్తింది.

"మాస్టారూ, ఆగండి! అది మీదే! మావయ్య దాన్ని తీయలేదు! పాడుచేసింది మేము!"

అడుగులు ఆగాయి.

ఆ అడుగులే వెనక్కి తిరిగి, తలుపు దాకా వచ్చి, సరిగ్గా అవతల నిలబడ్డాయి. ఆ ముసలాయన ఊపిరి కూడా చెక్కలోంచి వినిపిస్తోంది.

"మేము అంటే ఎవరమ్మా?" అన్నారు మాస్టారు. "తలుపు తియ్యి."

"జరుగమ్మా" అంది పిచ్చుక మళ్ళీ. ఈసారి కోపం లేదు, బతిమాలుతోంది. "నాన్న పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు ఆయన్ని ఎవరూ ఏమీ చేయలేరు. మావయ్య ఇంకా ఉన్నాడమ్మా."

అమ్మ గడియని రెండు చేతులతో వెనకనించి పట్టుకుంది. కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు.

"ఎక్కడ పోయారే? రోజూ ఈ కొట్టు తెరిస్తే ఆయన పేరు చెప్పుకుని నలుగురు వస్తున్నారు, నలుగురు దణ్ణం పెడుతున్నారు. ఈ తలుపు తీశామంటే మీ నాన్న ఇవాళ పోతారు" అంది.